మొదటి మాట హెన్నీది

ఒళ్ళో కూగెల్ పళ్ళెం కాలిపోతోంది. దాన్ని ఎక్కడ పెట్టాలో అడుగుదామంటే అడగడానికి లేదు, షివాలో, అంటే పోయినవాళ్ళ కోసం పాటించే ఏడు రోజుల దుఃఖంలో, కూర్చున్న మనిషి నోరు విప్పేదాకా పరామర్శకు వచ్చిన మనిషి నోరు విప్పకూడదు, అది ఆచారం, ఏ కాలంలో ఏ మహానుభావుడు పెట్టాడో గాని, ముందుముందు సెల్మా గ్లేజర్ అనే ఆడమనిషి పుట్టబోతోందని ఆయన ఊహించి ఉండడు. పుట్టగానే మంత్రసాని పనితనం మీద కూడా ఏదో ఒక అభిప్రాయం చెప్పే ఉంటుందని లెస్టర్ అంటూండేవాడు. బడిలో పిల్లలకు నాటకాలు నేర్పి రిటైరైన మనిషి, బాల్టిమోర్ పక్కనున్న పైక్స్‌విల్‌లో యూదుల వారపత్రికలో సినిమాల మీదా టీవీ మీదా రాజకీయాల మీదా వారంవారం రాస్తుంది, చదివేవాళ్ళు తగ్గారు గాని రాసేది తగ్గలేదు. అలాంటి మనిషి ఇప్పుడు పెదాలు బిగించి, మోకాళ్ళ మీద తువ్వాలు, తువ్వాలు మీద పళ్ళెం పెట్టుకుని, ఎదురుగా పొట్టి పీట మీద కూర్చున్న హెన్నీ మొహంలోకి చూస్తోంది. హెన్నీ కిటికీలోకి చూస్తోంది. హెన్నీ మొగుడు లెస్టర్‌ను మట్టిచేసి ఇది ఏడో రోజు, ఆఖరి పూట. ఈ పొద్దున ఒక్క గంట కూర్చుంటే షివా అయిపోతుంది, ఎవరో ఒకరు లేవమంటారు, హెన్నీ లేచి తనవాళ్ళతో బయటికి వెళ్ళి ఇళ్ళ వరస చుట్టూ ఒక్క చుట్టు నడిచి వస్తుంది, అంతటితో సరి. ఈ గంటలో హెన్నీ ఒక్క మాట అంటే మూడేళ్ళ కోపం తీరినట్టు. అనకపోతే, చిన్ననాటి నుంచి ఉన్న స్నేహాన్ని కూడా లెస్టర్ పక్కనే పాతిపెట్టి వచ్చినట్టు.

ఇన్నాళ్ళూ రాలేదా అంటే వద్దామనే అనుకుంది. మొదటి రోజే నూడుల్స్ ఉడికించి, మీగడా గుడ్లూ పంచదారా కలిపి, మీద ఎర్రగా పొర కట్టేదాకా కాల్చి, కోటు తొడుక్కుని, కారు తాళం చేతిలోకి తీసుకుని, మళ్ళీ కొక్కేనికి తగిలించేసి, వేడి తగ్గిన కూగెల్ పరాయి ఇంటికి పట్టుకెళ్ళడం మర్యాద కాదని తనకు తనే చెప్పుకుని, కూర్చుని తినేసింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వారంగా సెల్మా ఇంట్లో కూగెల్ తప్ప మరో తిండి లేదు, ఇవాళ పాంటు గుండీ పట్టకపోతే పిన్నీసు పెట్టుకుని వచ్చింది, ఆ పిన్నీసు ఇప్పుడు పొట్టలోకి గుచ్చుకుంటోంది, దాని గురించి కూడా మాట్లాడకూడదు. హెన్నీకి నలుపు నప్పదు. బడి రోజుల నుంచీ చెబుతూనే ఉంది, నీ రంగుకి నీలం వేసుకోవే అని, వింటేగా. కాలరు దగ్గర చింపుకున్న ముక్క వేలాడుతోంది, దుఃఖానికి గుర్తు, అదైనా తిన్నగా చింపుకుందా అంటే అదీ లేదు. చిక్కిపోయింది. వంటింటి నిండా జనం పంపిన పొగబెట్టిన చేపలూ, గుండ్రటి బేగల్ రొట్టెలూ, ఉడికిన గుడ్లూ గుట్టలు పడి ఉంటాయి, తిననే తినదు, తినమని చెప్పేవాడు పోయాడు. ఈ ఆలోచన రాగానే సెల్మా మళ్ళీ పిన్నీసు గురించి ఆలోచించడం మొదలెట్టింది.

హెన్నీ పక్క పీట మీద కొడుకు బారీ. ఊళ్ళో పళ్ళ డాక్టరు, వాడూ దుఃఖంలో ఉన్నవాడే, వాడు పలకరించినా చాలు, సెల్మాకి నోరు తెరుచుకునే హక్కు వస్తుంది. బారీ ఆవిడ వంక చూశాడు, కనుబొమలు ఎగరేశాడు, అమ్మ వంక చూశాడు, కనుబొమలు దించేశాడు. నలభై ఏళ్ళు దాటినా వీళ్ళిద్దరి మధ్యలోకి వెళ్ళే ధైర్యం వాడికి రాలేదు. వాణ్ణనడానికేముంది, బతికి ఉన్నప్పుడు వాళ్ళ నాన్నకే లేదు, ఆయన వంటింట్లో టీ కాచుకుంటూ ఉండిపోయి, అరుపులు పక్కింటికి వినబడే వేళకు కప్పులు పట్టుకుని వచ్చి, "ఇద్దరిదీ తప్పే. టీ చల్లారిపోతోంది," అనేవాడు. అంతే, వ్యవహారం ముగిసేది. ఇద్దరిదీ తప్పేమిటి, ఒకరిది ఒప్పై ఉండాలిగా అని అడిగితే, "చక్కెర ఎంత?" అని అడిగేవాడు.

అద్దాలన్నిటికీ పూల దుప్పట్లు కప్పారు, అదీ ఆచారమే, దుఃఖంలో ఉన్నవాళ్ళు తమ మొహాలు చూసుకోకూడదు. బారీ అతిజాగ్రత్తకు పోయి టీవీకి కూడా దుప్పటి కప్పాడు, నల్లగా ఉన్నప్పుడు అందులోనూ మొహం కనబడుతుందని కాబోలు. లెస్టర్ చూస్తే ఏమనేవాడో! ఆయనకు దేవుడి తరవాత టీవీయే, కొన్నిసార్లు వరస మారేది కూడా. క్యాసెట్లు అద్దెకిచ్చే రోజుల్లో రీస్టర్స్‌టౌన్ రోడ్డు మీద ఆయన కొట్టు ఉండేది, అందులో అందరిలాగా హాస్యమనీ భయమనీ అరలు లేవు, మనకు మంచిది, మనకు చెడ్డది, మనకు సంబంధం లేదు గాని తీసింది మనవాడే, అని మూడు అరలుండేవి, మూడో అర వీధి గుమ్మం దాకా పొడుగు. నిజమే మరి, బిగుతు బట్టలేసుకుని ఆకాశంలో ఎగిరే వీరుల్ని కనిపెట్టింది ఇరుకు గదుల్లో ఉన్న మనవాళ్ళ కుర్రాళ్ళే, క్రిస్మస్ పాటల్లో సగం రాసిందీ మనవాళ్ళే, ఆ పండక్కి మిగతావన్నీ మూసేస్తారు గనక మనం చైనా హోటల్లో కూర్చుని వాటిని వింటాం. ఇప్పుడా ఎగిరే వీరులు ఒక్కొక్కరికీ ఇరవై సినిమాలు, ప్రతి దాంట్లోనూ ఊరు కూలుతుంది, కూలిన ఊరికి బీమా ఎవరిస్తారో ఒక్కడూ చెప్పడు, సెల్మా ఈ సంగతి మీద రెండు వారాలు రాసింది. ఇక యుద్ధం సినిమాలు సరేసరి. వయొలిన్ సన్నగా మొదలైందంటే మనవాళ్ళకి మూడిందన్నమాట, థియేటర్లో అందరూ ఏడుస్తారు, బయటికొచ్చి పాప్‌కార్న్ ధర గురించి మాట్లాడుకుంటారు. నవ్వించేవాళ్ళు పోయారు. ఇప్పటి హాస్యగాళ్ళు నవ్వించరు, పాఠం చెబుతారు, తెలుసు ఆవిడకి పాఠం చెప్పడమంటే ఏమిటో, బడిలో తను చెప్పినన్నాళ్ళూ ఎవరూ నవ్వలేదు.

చివరికి కొంప ముంచింది ఒక ముక్కు. పాతకాలపు బాల్టిమోర్‌లో కోట్లు కుట్టే ఒక దర్జీ కథ, మూడేళ్ళ కిందట సినిమాగా వచ్చింది, దర్జీ వేషం వేసినవాడు గడ్డం మీద సొట్ట ఉన్న అందగాడు, మనవాడు కాదు, యూదుడంటే ఇంత పొడుగు ముక్కనే పాత వెక్కిరింత ప్రకారం వాడికి రబ్బరు ముక్కు అతికించారు. ముక్కంటే ముక్కా అది, మనిషి తలుపు దగ్గర ఉంటే అది వంటింట్లో ఉంది! సెల్మా రాసింది, "అది ముక్కు కాదు, నేరారోపణ" అని, అది తన జన్మలో రాసిన వాక్యాల్లోకెల్లా మంచి వాక్యమని ఇప్పటికీ నమ్మకం. మరుసటి వారం అదే పత్రికలో హెన్నీ జవాబు, "మా నాన్న ముక్కు అంతకన్నా పెద్దది, మేమంతా దాన్ని చూసి నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవాడు, గ్లేజర్ గారు మా నాన్న మీద కూడా కేసు పెడతారా?" అని. ఊరంతా చదివి నవ్వింది. అక్కడికి ఊరుకుంటే పోయేది, పస్కా పండగ రాత్రి ఇదే ఇంట్లో, ఈ గది పక్క గదిలో, వైను రెండో గ్లాసు దగ్గర మొదలెట్టారు. ముక్కు మీద మొదలై రాజకీయాల్లోకి జారింది, అమెరికాలో ఏదైనా అక్కడికే జారుతుంది, నేల అటు వాలుగా ఉంది. "నటుడి ముక్కు చూసి గుండెలు బాదుకుంటావు, కాలేజీల్లో మన పిల్లల్ని నిలబెట్టి నువ్వెవరంటుంటే మీ గాడిద గుర్తు పార్టీవాళ్ళ నోళ్ళు ఏమయ్యాయే?" అంది హెన్నీ. "కాగడాలు పట్టుకుని వీధుల్లో మనల్ని తిట్టుకుంటూ పోయినవాళ్ళు ఎవరికి ఓటేశారే, మీ ఏనుగు గుర్తుకి కాదూ?" అంది సెల్మా. లెస్టర్ బల్ల చివర్నుంచి, "జలుబుకి పార్టీ ఉంటుందా? మన మీద ద్వేషానికీ అంతే. మీరిద్దరూ చెరో వీధిలో వెతుకుతున్నారు. జీతమిస్తాను, కాపలాకి వస్తారా, మన ప్రార్థన మందిరం దగ్గర గార్డుని మానిపించేద్దాం," అన్నాడు. ఆ రాత్రి మాత్రం టీ ఇంకా పొయ్యి మీదే ఉంది.

గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. మూడేళ్ళుగా సెల్మా ఈ సామెతను హెన్నీకి వర్తింపజేస్తూ వచ్చింది, చక్కగా సరిపోయింది కూడా. పీట మీద ఉన్న మనిషి కాస్త కదిలింది. మాట్లాడుతుందేమో! లేదు, కాలు తిమ్మిరెక్కినట్టుంది.

కుర్చీలో కునుకుతున్న సై ప్లాట్కిన్ అప్పుడే మేలుకున్నాడు. మందిరంలో అందరికన్నా పెద్దాయన, ఎవరింట్లో షివా అయినా మొదటి బేగల్ ఆయనదే, చెవి సరిగ్గా వినబడదు గాని నోటికి ఏ లోపమూ లేదు. కళ్ళు నులుముకుని, గదిలో అందరినీ చూసి, ఎక్కడున్నాడో మరిచిపోయి, "అయితే ఏమంటారు, వచ్చే వారం ఎన్నికల్లో ఎవరు గెలుస్తారు?" అన్నాడు.

బారీ పీట మీదే బిగుసుకుపోయాడు. సెల్మా నాలుక కొసకు జవాబు వచ్చి కూర్చుంది, ఒక జవాబు కాదు, పెళ్ళివాళ్ళు బస్సు దిగినట్టు వరసగా దిగుతున్నాయి. గెలవడం సంగతి తరవాత, ముందు నిలబడ్డవాళ్ళని చూడండి, పోయిన నెల ఒకడు మన మందిరానికి వచ్చాడు, తల మీద టోపీ నిలవక ప్రతి వాక్యానికీ చేత్తో పట్టుకుంటూ, మా అమ్మమ్మ పక్కింటావిడ యూదురాలే అన్నాడు, రెండోవాడు ఆ మర్నాడు వచ్చి వాళ్ళ దంతవైద్యుడు యూదుడన్నాడు, ఇద్దరూ మనం పెట్టిన చేపను వేలితో ముట్టుకుని వదిలేశారు, ఇద్దరూ మనల్ని ప్రేమిస్తామన్నారు, మనల్ని ద్వేషించేవాళ్ళు అవతలి పార్టీలోనే ఉన్నారన్నారు, అంటే ఇద్దరి మాటా నమ్మితే దేశంలో ద్వేషించనివాడు లేడన్నమాట! ఇది చెప్పాలి. ఇది ఇప్పుడే, ఇక్కడే చెప్పాలి. పళ్ళెం అంచులు గట్టిగా పట్టుకుంది. అప్పుడు చూసింది, ఎదురుగా హెన్నీ ముక్కుపుటాలు అదురుతున్నాయి. పెదాలు లోపలికి మడిచేసుకుంది. దానికీ జవాబు తన్నుకొస్తోంది! దుఃఖంలో ఉన్న మనిషి, నోరు విప్పే అధికారం ఈ గదిలో ఎవరికన్నా ముందు తనకే ఉన్న మనిషి, విప్పితే సెల్మా కూడా విప్పేస్తుందని ఆపుకుంటోంది. లోపల నవ్వొచ్చింది సెల్మాకి, వెనకాలే ఏడుపొచ్చింది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ బయటికి రాలేదు. "నన్నడిగితే ఎవరూ గెలవరు," అని తనే చెప్పుకుని సై మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఆ చిన్న ముక్కు. అదురుతున్న ఆ చిన్న ముక్కు, ఒకప్పుడు గడ్డి రంగులో ఉండి ఇప్పుడు నెరిసిన ఆ జుట్టు. అప్పుడు పదేళ్ళు ఇద్దరికీ. ఆగస్టు ఎండ, గౌన్ల కింద ఈతబట్టలు, చంకలో తువ్వాళ్ళు, ఊరి చివర కొత్తగా పెట్టిన ఈతకొలను. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న ఆడమనిషి పేర్లు అడగలేదు, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, హెన్నీతో, "నువ్వు రావచ్చమ్మా," అంది. "మరి ఇది?" అంటే, "వాళ్ళకి ఇక్కడ లేదు," అంది. ఎంత మామూలుగా అంది! కోపంగా అన్నా బాగుండేది, కూరగాయలు అయిపోయాయన్నట్టు అంది. లోపల పిల్లలు నీళ్ళలో దూకుతున్న చప్పుడు. సెల్మా ఇంటి దారి వంక తిరగబోయింది. హెన్నీ తిరగలేదు, ఆ ఆడమనిషి ఎదురుగా నిలబడి, "నేనూ వాళ్ళనే," అంది. ఆ తరవాత రోడ్డు పక్కన కూర్చుని, తురిమిన ఐసు మీద రంగునీళ్ళు పోసిచ్చే స్నోబాల్ తిన్నారు, గౌన్ల కింద ఈతబట్టలు పొడిగానే ఉన్నాయి, నీ రంగు బాగుందా నా రంగు బాగుందా అని పోట్లాడుకున్నారు. ఇంట్లో చెప్పలేదు. ఆ గేటు దగ్గర సెల్మాకి తెలిసిందల్లా ఒక్కటే, తన ముక్కు తనకన్నా ముందు వెళ్ళి తన గురించి చెప్పేస్తుందని. రబ్బరు ముక్కును చూసి ఊరంతా నవ్వితే ఆవిడకి నవ్వు రాకపోవడానికి ఇంకో కారణం అక్కర్లేదు. పస్కా రాత్రి మాత్రం, అన్ని మాటలూ అయిపోయాక, చేతికి దొరికిన రాయి విసిరినట్టు అనేసింది, "నీకేం, ఆ రోజు కొలను దగ్గర నిన్ను రమ్మన్నారుగా! నీ ముక్కు వాళ్ళ ముక్కే!" అని. ఇల్లు హెన్నీది, వెళ్ళాల్సింది సెల్మా, కాని హెన్నీయే లేచి కోటు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. ఒక్కతే ఇళ్ళ వరస చుట్టూ నడిచి వచ్చేసరికి సెల్మా లేదు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని సెల్మాకి లేకపోలేదు, తీసుకోవాలంటే ముందు మాట్లాడాలి, ముందు మాట్లాడడం అంటే భయం లేని మనిషికి జీవితంలో మొదటిసారి భయం వేసింది, అలా మూడేళ్ళు. స్మశానంలో కూడా వెనక వరసలో నిలబడి, ఒక పార మట్టి వేసి, తలొంచుకుని వచ్చేసింది.

పళ్ళెం చల్లారింది. మోకాళ్ళకి ఆ సంగతి ముందు తెలిసింది. గోడ గడియారం వంక చూడకూడదనుకుంటూనే చూసింది. సై రెండు చేతులూ కుర్చీ మీద ఆన్చి, మూలుగుతూ లేచి, హెన్నీ ముందుకు వచ్చి, ఎప్పుడూ లేనంత మెత్తగా, "లే అమ్మా, ఇంక లే. ఏడు రోజులు అయిపోయాయి," అన్నాడు. బారీ చెయ్యిచ్చాడు. హెన్నీ లేచింది, మోకాళ్ళు టకటకమన్నాయి, కోటు తొడుక్కుంది. గదిని దాటుకుని సెల్మా పక్కనుంచే గుమ్మం దాకా వెళ్ళింది. అయిపోయింది. ఇంక ఈ పళ్ళెం ఇక్కడే కుర్చీలో పెట్టేసి, వెనక తలుపులోంచి కారు దగ్గరికి వెళ్ళి, కారులో కూర్చుని ఏడవొచ్చు, కారులో ఆచారాలేం లేవు. గుమ్మం దగ్గర హెన్నీ ఆగింది, వెనక్కి తిరగలేదు.

"ఏమే, ఆ పళ్ళెం పట్టుకుని అక్కడే పాతుకుపోతావా, నడుస్తావా?"

నడిచింది. కోటు మరిచిపోయింది, పళ్ళెం మరిచిపోలేదు. బారీ వెంట రాబోతే సై వాడి మోచెయ్యి పట్టుకుని ఆపేశాడు. అక్టోబరు ఆఖరు చలి, పచ్చిక మీద ఎర్రాకులు, ప్రతి ఇంటి ముందూ దయ్యాల పండక్కి పెట్టిన ప్లాస్టిక్ అస్థిపంజరాలు, వాటి పక్కనే ఎన్నికల బోర్డులు, ఒక ఇంట్లో అస్థిపంజరం చేతికే బోర్డు తగిలించారు. సెల్మాకి మాట్లాడే హక్కు వచ్చేసింది, వచ్చాక ఒక్క మాటా దొరకలేదు.

"పోయే ముందు వారం లెస్టర్ మళ్ళీ పెట్టించుకున్నాడే ఆ సినిమా," అంది హెన్నీ. "ఆస్పత్రిలో."

"ఏ సినిమా?" అంది సెల్మా, తెలియనట్టు.

"ముక్కు సినిమా." ఇంకో నాలుగడుగులు. "నువ్వన్నది నిజమే. ఆ ముక్కు మరీ పెద్దదే."

మూడేళ్ళుగా ఈ మాట కోసమే కాచుకుని ఉంది సెల్మా. స్నానం చేసేటప్పుడూ, గిన్నెలు కడిగేటప్పుడూ, ఈ మాట వినగానే తను ఏమనాలో ఎన్ని రకాలుగా అనుకుందో లెక్కలేదు. నోరు తెరిచింది.

"అంత పెద్దదేం కాదులే," అంది. "వెలుతురు అలా పడింది."

హెన్నీ ఆగిపోయింది. "వెలుతురా? నేరారోపణ అని రాసిన మనిషివి నువ్వు కాదూ?"

"రాశానే, రాస్తే? మీ నాన్న ముక్కు ఇంకా పెద్దది కాదూ? ఆయన్ని చూసి నేను నవ్వలేదా?"

"మా నాన్న సంగతి వేరు. ఆయన ముక్కు ఎవరూ అతికించలేదు."

"ఒప్పుకుంటున్నావా నేను రాసింది?"

"నువ్వే కాదంటుంటే నేను ఒప్పుకునేదేమిటే! సరే, ఇది విను. మొన్న మా ఏనుగు వాళ్ళ సభలో ఒకడు మైకు పట్టుకుని మనవాళ్ళ డబ్బు గురించి ఒక మాటన్నాడు, ముందు వరసంతా చప్పట్లు. లేచి వచ్చేశాను."

"అదేం గొప్ప! మా గాడిద వాళ్ళ మీటింగులో ఒక పిల్ల, మంచి చదువుకున్న పిల్ల, నీలాంటివాళ్ళు ముందు సంజాయిషీ చెప్పుకోవాలంది. నాతో! ముప్ఫై ఏళ్ళు పార్టీకి కరపత్రాలు పంచిన నాతో!"

"మావాళ్ళే ఎక్కువ."

"ఛీ, మావాళ్ళ ముందు మీవాళ్ళెంత!"

అరుపులకి ఒక ఇంటి కిటికీలో పరదా కదిలింది. మూల తిరిగే చోటికి వచ్చేసరికి ఇద్దరూ ఒక్కసారే ఆగారు, ఎందుకాగారో ఇద్దరికీ తెలియలేదు, తరవాత తెలిసింది. ఇక్కడ, సరిగ్గా ఈ మాట దగ్గర, ఒకాయన కప్పులు పట్టుకుని రావాలి. ఇద్దరూ వింటున్నట్టు నిలబడ్డారు. ఎర్రాకులు రోడ్డు మీద దొర్లాయి.

హెన్నీ చెయ్యి చాపి తువ్వాలు తొలగించి, కూగెల్ మూల కొంచెం తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. "కిస్‌మిస్‌లు ఏవే?"

"లెస్టర్‌కి పడవుగా," అంది సెల్మా. అన్నాక గాని ఏమందో తెలియలేదు. వారంగా రోజుకొకటి చేసింది, ఒక్కదాంట్లోనూ కిస్‌మిస్ వెయ్యలేదు.

హెన్నీ నమలడం ఆగిపోయింది. మొహం చిన్నపిల్ల మొహంలా ముడుచుకుపోయింది, రోడ్డు మధ్యన నిలబడి ఏడ్చింది, ఏడు రోజులూ పీట మీద బిగబట్టుకున్నదంతా ఏడ్చింది. సెల్మా చేతుల్లో పళ్ళెం ఉంది గనక కావలించుకోలేక, భుజానికి భుజం ఆనించి తనూ ఏడ్చింది. "ఆ రోజు నేనన్నది..." అని మొదలుపెట్టింది. హెన్నీ కోటు చేతితో మొహం తుడుచుకుని, ఇంకో ముక్క తుంచుకుని, "చల్లారిపోయిందే," అంది.

ఇంటి ముందుకు వచ్చేశారు. ఆచారం ప్రకారం ఒక్క చుట్టే, అది అయ్యాక ఇంట్లోకి వెళ్ళాలి, అద్దాల మీద దుప్పట్లు తీసెయ్యాలి, బతకడం మొదలుపెట్టాలి. బారీ తలుపు బార్లా తెరిచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు, వెనకాల సై, చేతిలో బేగల్. హెన్నీ గేటు దాకా వెళ్ళింది, లోపలికి తిరగకుండా రెండో చుట్టుకి నడిచింది.

"తలుపేసుకోరా, చలి వస్తుంది," అంది కొడుకుతో. "దీంతో ఇంకా తేలలేదు."